రెండూ ఎడమకాలి బూట్లే

వినోదినిగారి కథ మా పత్రికకు చేపల వాసనతో వచ్చింది. మాటవరసకు అనడం లేదు. గీతల నోటుబుక్కులోంచి చింపిన పదకొండు కాగితాలు అవి. మొదటి కాగితం మూల తడిసి ఆరిన మరక ఉంది. ఆ మరకలో ఒక చేప పొలుసు అంటుకుపోయి మెరుస్తోంది.

"సాయి తేజా, ఇది చదివి చూడవయ్యా. మంగళ టీచర్ పంపారు" అన్నారు మా ఎడిటర్ శివరామ్‌గారు.

నేను గుంటూరు నుంచి ఉద్యోగానికి చెన్నై వచ్చి అప్పటికి మూడేళ్ళు. వారమంతా సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. శని, ఆదివారాలు వాషర్‌మెన్‌పేట్‌లో ఒక ప్రెస్సు మేడమీద గదికి వెళ్ళేవాణ్ణి. అక్కడి తెలుగు సంఘంవాళ్ళు నడిపే చిన్న మాసపత్రికకు ప్రూఫులు దిద్దడం, పాఠకుల ఉత్తరాలు విప్పి వరసలో పెట్టడం నా పని.

మంగళ టీచర్ రిటైరైన తెలుగు పంతులమ్మ. రాయపురం చేపల మార్కెట్టులో వారానికి రెండుసార్లు చేపలు కొంటారు. కొన్న చేపల్ని అక్కడే వరసగా కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర శుభ్రం చేయించుకుని, కోయించుకుని తీసుకెళ్తారు. ఆమె చేపల్ని పదేళ్ళుగా కోస్తున్నది వినోదిని. ఒక రోజు కత్తిపీట పక్కన ప్లాస్టిక్ సంచిలో నోటుబుక్కు కనిపిస్తే "లెక్కలు రాసుకుంటావా?" అని టీచర్ అడిగారట. "లేదు టీచరమ్మా, మా అమ్మని రాస్తా ఉండా" అని జవాబు వచ్చిందట.

వినోదినికి అప్పటికి యాభై నాలుగేళ్ళు. తాతముత్తాతల నుంచి చెన్నైలోనే ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబం. బడిలో చదివింది తమిళం, అదీ ఆరో తరగతి వరకే. తెలుగు అక్షరాలు మాత్రం చర్చిలో ఆదివారపు బడిలో నేర్చుకుంది. పాటల పుస్తకం చూసి పాడటానికి నేర్చుకున్న ఆ అక్షరాలతోనే, యాభై దాటాక, తల్లి చెల్లమ్మ గురించి రాయడం మొదలుపెట్టింది.

ఆమె రాసింది ఇది.

తండ్రి హార్బరులో మూటలు మోసేవాడు. తమ్ముడు జెబకుమార్‌కు రెండేళ్ళున్నప్పుడు ఆయన జబ్బుచేసి పోయాడు. చెల్లమ్మ ఒక బూట్ల కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. పన్నెండేళ్ళు రాగానే వినోదిని బడి మానేసి మార్కెట్టులో కూర్చుంది. జెబ ఒక్కడైనా చదవాలని తల్లీ కూతురూ అనుకున్నారు. వాడు రెండో తరగతిలోకి వచ్చిన ఏడు, నల్లబూట్లు లేకుండా వచ్చినవాళ్ళని ప్రార్థనలో నిలబడనివ్వబోమని బడిలో చెప్పారు. కంపెనీలో సరిగా రాని బూట్లను ఒక మూల కుప్ప పోసేవారు. చెల్లమ్మ మేస్త్రీని అడిగి, ఆ కుప్పను మూడు రోజులు వెతికింది. ఒకే కొలతవి రెండు నల్లబూట్లు దొరికాయి. కానీ రెండూ ఎడమకాలివే.

చెల్లమ్మ ఒక బూటు పక్కన బ్లేడుతో కోసి, లోపల మెత్తని గుడ్డ పెట్టి కుట్టింది. మసి, కొబ్బరినూనె కలిపి కుట్టు కనబడకుండా రుద్దింది. "వానికి చెప్పొద్దు, తెలిస్తే సిగ్గుపడతాడు" అని కూతురితో ఒట్టు వేయించుకుంది. జెబ ఆ బూట్లతో ఏడాదంతా బడికి వెళ్ళాడు. ఆటలపోటీల్లో పరుగుపందెంలో రెండో బహుమతి కూడా తెచ్చుకున్నాడు. తన కాళ్ళకి ఉన్నవి రెండూ ఎడమకాలి బూట్లేనని వాడికి తెలియనే తెలియదు. చెల్లమ్మ పోయేదాకా తల్లీ కూతురూ ఆ మాట పైకి అనలేదు.

కథ చదివి కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత ప్రూఫు దిద్దేవాడి బుద్ధి పోనిచ్చుకోక, భాషంతా దిద్దేశాను. "ఈడ" ఉన్నచోటల్లా "ఇక్కడ" చేశాను. "ఉండాది"ని "ఉంది" చేశాను. ఒకసారి చూపించి రమ్మని శివరామ్‌గారు అంటే మార్కెట్టుకు తీసుకెళ్ళాను.

ఆమె చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, మొదటి పేజీ చదివింది. మళ్ళీ చదివింది.

"ఈమె ఎవరు తేజా?"

"మీ అమ్మగారేనండీ."

"మా అమ్మ ఇట్ల మాట్లాడదే. ఈమె ఎవరో టీవీలో వార్తలు చదివే ఆమె మాదిరి ఉండాది. ఈమె కుప్పలో బూట్లు ఏరదు నాయనా."

పక్కన చేపలు కోస్తున్న కాళియమ్మ పగలబడి నవ్వింది. నేను ఆ కాగితాలు తిరిగి తీసుకెళ్ళి, ఆమె రాసిన మాటలన్నీ ఎక్కడివక్కడ పెట్టాను. నేను చేసిన దిద్దుబాట్లలో మిగిలినవి కామాలూ ఫుల్‌స్టాపులే.

"నిజ జీవితం" అనే శీర్షిక కింద కథ అచ్చయింది. మా పత్రికకు మామూలుగా నెలకు ఏడెనిమిది ఉత్తరాలు వచ్చేవి. ఆ నెల మొదటి వారంలోనే ముప్పై దాటాయి. చాలామంది చదువుతూ ఏడ్చామని రాశారు. ఒకరు పాత చీరలు మూటకట్టి పంపారు. విజయవాడ నుంచి ఒకాయన "ఇదేం తెలుగండీ, సగం అరవం" అని కోప్పడ్డాడు. తిరుపతి నుంచి ఒక పెద్దావిడ పార్శిల్ పంపింది. విప్పితే ఏడేళ్ళ పిల్లాడికి సరిపోయే కొత్త నల్లబూట్లు, తెల్ల మేజోళ్ళు. లోపల చీటీ: "ఆ బాబుకు ఇవ్వండి. ఒకటి కుడి, ఒకటి ఎడమ. చూసే కొన్నాను."

అవి తీసుకుని వినోదిని ఇంటికి వెళ్తే ఆమె భర్త సుందర్‌రాజ్ కడుపు పట్టుకుని నవ్వాడు. హార్బరులో పనిచేసి మోకాళ్ళు పట్టేసి ఇంట్లో ఉంటున్నాడాయన. "ఆ బాబుకి ఇప్పుడు నలభై తొమ్మిదేండ్లు. పొట్ట, బట్టతల. ఈ బూట్లు వాని బొటనవేలికి పట్టవు" అన్నాడు. వినోదిని నవ్వలేదు. ఆ మేజోళ్ళను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈ అమ్మకి కథ లోపలికి పొయ్యి వానికి బూట్లు తొడగాలని ఉండాది" అంది. "మంచిదే. అయితే మా అమ్మ తొడిగేసింది కదా. అది చెప్పేదానికే కదా నేను రాసినాను."

జాలిపడ్డ ఉత్తరాలు ఆమెకు నచ్చేవి కావని అప్పుడే అర్థమైంది నాకు. ఆమె చెప్పింది తల్లి గెలుపు. చదివినవాళ్ళకు కనబడింది లేమి.

రెండో వారం కోయంబత్తూరు నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవారు పెరుమాళ్ నాయుడు, రిటైరైన ఇంజనీరు. "నలభై ఏళ్ళు యంత్రాలతో పనిచేసినవాణ్ణి. కుడికాలికి ఎడమబూటు తొడుక్కుని ఒక పిల్లవాడు ఏడాదిపాటు నడిచాడంటే నమ్మను. పరుగుపందెంలో బహుమతి వచ్చిందంటే అసలు నమ్మను. పేదరికం గురించి రాసేవాళ్ళు కన్నీళ్ళకోసం కొంత కలుపుతారు. కలుపుకోండి, కానీ నిజ జీవితం అనే పేరు తీసేయండి" అని రాశారు. శివరామ్‌గారు వచ్చిన ఉత్తరాలన్నీ వేసే మనిషి. అదీ వేశారు.

అచ్చయిన సంచిక తీసుకెళ్ళి వినోదినికి చూపించాను. అదే రోజు తమ్ముడి ఫోనూ వచ్చింది.

జెబకుమార్ మాధవరంలో ఒక ప్రైవేటు స్కూలు హెడ్మాస్టరు. అతని కూతురు ప్రీతికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. మేనత్త చేత కథ చదివించుకుని, ఫోనులో రికార్డు చేసి, మురిసిపోయి స్నేహితులకు పంపించింది. అది తిరిగి తిరిగి తండ్రి స్కూలు టీచర్ల ఫోన్లలోకి చేరింది.

నేను మార్కెట్టులో ఆమె ఎదుటే ఉన్నాను. చేతులనిండా చేప నెత్తురు, అందుకని కాళియమ్మ ఫోను స్పీకరులో పెట్టి పట్టుకుంది.

"అక్కా, ఏం చేసినావో నీకు తెలుస్తా ఉండాదా? అమ్మ ఊడ్చే పనికి పోయిందని, నేను కుప్పలో బూట్లు తొడుక్కున్నానని స్కూలంతా వినినారు. ఇరవై ఏండ్లు కష్టపడి సంపాదించుకున్న పేరు అక్కా."

"అమ్మ పని చేసింది రా. దొంగతనం చేయలా."

"నన్ను ఒక మాట అడిగినావా? అది నా కాలు. నా కాలు గురించి నన్ను అడగకుండా రాసినావు."

ఫోను ఆగిపోయింది. వినోదిని చేతిలో వంజరం చేప సగం కోసి అలాగే ఉంది.

"అడిగుండాల్సింది" అంది. "వాడు అనిండేది సరే. అడిగుండాల్సింది."

నాలుగు నెలలు అక్కాతమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. మొదటి నెలంతా నోటుబుక్కు సంచిలోనే ఉండిపోయింది. ఒకపక్క నిజమే రాసిందని తమ్ముడు కోపగించుకున్నాడు. మరోపక్క అబద్ధం రాసిందని ఇంజనీరు తప్పుపట్టాడు. నిజమని సాక్ష్యం చెప్పగలిగిన ఒక్క మనిషి మాట్లాడటం లేదు. పైగా, ఆమె లెక్కప్రకారం, ఆ మనిషికి అసలు విషయమే తెలియదు.

ఆమెను మళ్ళీ రాయించింది సూళ్ళూరుపేట నుంచి వచ్చిన ఒక ఉత్తరం. రాసినామె పేరు చెప్పుకోలేదు. "మా అమ్మ హోటల్లో ఎంగిలి గిన్నెలు కడిగేది. వంటలు చేసేదని నా పిల్లలకు చెప్పాను. నిన్న మీ కథ వాళ్ళకు చదివి వినిపించి, అసలు సంగతి చెప్పాను. మా చిన్నది లేచి వెళ్ళి గోడమీదున్న అమ్మమ్మ ఫోటో తుడిచి వచ్చింది. ఇంతకంటే రాయలేను" అని నాలుగు వరసలు. అది ఆమె నా చేత మూడుసార్లు చదివించుకుంది. తర్వాత కాగితం అడిగింది. పాఠకులకు తన జవాబు అక్కడే, మార్కెట్టులో తిరగేసిన చేపల గంప మీద పెట్టి రాసింది.

"మీరు ఏడ్చినందుకు సంతోషం. నాకు చీరలు పంపొద్దు, ఉండాయి. బూట్లు పంపిన అమ్మా, అవి మా వీధిలో ఒక పిల్లోడు తొడుక్కోని బడికి పోతా ఉండాడు. నమ్మని అయ్యకి నేను ఏమీ చెప్పలేను, మా అమ్మ చచ్చిపోయింది. మీ అందరినీ నేను అడిగేది ఒకటే. మీ ఇంట్లో కూడా ఎడమకాలి బూటు ఒకటి ఉంటాది. దాన్ని ఎవరు కుట్టినారో రాయండి. రాసేముందర ఇంట్లోవాళ్ళని అడగండి. నేను అడగలేదు, అది తప్పు."

ఆ జవాబు అచ్చయిన తర్వాత మా మేడమీద గది పట్టలేదు. ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. ఈసారి ఎవరూ జాలిపడలేదు, ఎవరి కథ వాళ్ళు రాశారు. లారీ టార్పాలిన్‌తో కూతురికి స్కూలు సంచి కుట్టిన తండ్రి ఒకరు. సినిమాహాలు ముందు టిక్కెట్లు చించే పనిచేస్తూ ముగ్గురు చెల్లెళ్ళను చదివించిన అన్న ఒకరు. మనవడు వీధి దీపం కింద చదువుకుంటుంటే దోమలు కుట్టకుండా పక్కన కూర్చుని విసిరిన నాయనమ్మ ఒకరు. "మా ఆయన్ను అడిగాను, సరే రాయమన్నాడు" అని చాలామంది పైనే రాశారు. పద్నాలుగేళ్ళు నడిచిన పత్రికలో శివరామ్‌గారు మొదటిసారి పేజీలు పెంచారు. ఏ కథ వేయాలో ఎంచడానికి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక వినోదినిని కూర్చోబెట్టేవారు. ఆమె వేలు పెట్టి చదివేది. ఏడిపించడానికే రాసినట్టుంటే పక్కన పెట్టేసేది. "ఇందులో మనిషి లేడు, కష్టమే ఉండాది" అనేది.

ఫిబ్రవరిలో పత్రిక వార్షికోత్సవం, ఒక స్కూలు హాల్లో, ఆదివారం పొద్దున. మామూలుగా నలభైమంది వస్తే గొప్ప. ఆ రోజు వెనక తలుపుల దాకా జనం నిలబడ్డారు. చేపల మార్కెట్టు ఆడవాళ్ళు పూలు పెట్టుకుని రెండు వరసల్లో కూర్చున్నారు. వినోదిని నీలంరంగు పట్టుచీరలో వేదిక ఎక్కి, కళ్ళజోడు సర్దుకుని, తన కథ తానే చదివింది. పరుగుపందెం దగ్గరికి వచ్చేసరికి మూడో వరసలో పొడుగాటి ముసలాయన లేచి నిలబడ్డారు.

"క్షమించాలమ్మా. నేను పెరుమాళ్ నాయుణ్ణి, కోయంబత్తూరు నుంచి వచ్చినా. మిమ్మల్ని అవమానించే ఉద్దేశం లేదు. కానీ నా సందేహం పోలేదు. అది ఎట్లా సాధ్యం?"

హాలంతా గుసగుసలు. మార్కెట్టు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి ఆయన్ను కొరకొరా చూశారు. వినోదిని కాగితాలు దించింది.

"నేను చెప్తా" అని తలుపు దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

తెల్లచొక్కా, పొట్ట, బట్టతల. పక్కన ప్రీతి. నాలుగు నెలలు అక్కతో మాట్లాడని జెబకుమార్ జనం మధ్యలోంచి ముందుకు వచ్చాడు.

"ఆ పిల్లోడు నేనే. మా అక్క రాసిండేది అంతా నిజం. ఒక్కటి మాత్రం తప్పు." అతను మైకు తీసుకున్నాడు, కానీ అక్క వైపు చూడలేదు. "నాకు తెలీదని రాసింది. నాకు మొదటిరోజే తెలుసు."

వినోదిని కళ్ళజోడు తీసి తమ్ముడి వైపు తిరిగింది.

"ప్రార్థనలో పక్కనోడు చూపించి నవ్వినాడు. బెంచీ కింద రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసుకున్నా. రెండూ ఒకే పక్కకి తిరిగి ఉండాయి. ఇంటికి పొయ్యి అమ్మతో కొట్లాడాలనే పోయినాను. అమ్మ గడపలో కూచోని ఉండింది. 'బూట్లు సరిపోయినాయా నాయనా' అని అడిగింది. ఆ ముఖం..." అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "'మెత్తగా ఉండాయిమా' అన్నాను. అంతే. ఒకసారి అట్ల చెప్పినాక ఇంక మార్చి చెప్పేదానికి లేదు."

పెరుమాళ్ నాయుడుగారు ఇంకా నిలబడే ఉన్నారు. "మరి పరుగుపందెం?"

"మీరు రాసింది సరే సార్. ఆ బూట్లతో పరిగెత్తలేరు. ఇప్పి చేతిలో పట్టుకోని పరిగెత్తినా. ఆ రోజు మా అక్క మార్కెట్లో ఉండింది, చూళ్ళేదు."

హాలు ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వుల్లోనే జెబకుమార్ వంగి, కుడికాలి బూటూ మేజోడూ విప్పి, పాదం కుర్చీమీద పెట్టాడు. బొటనవేలు పక్కవేలి మీదికి వాలి వంకర తిరిగి ఉంది. "ఇన్నేండ్లు దీన్ని ఎవరికీ చూపించలేదు. మా ఇంట్లో కూడా. ఇది మా అమ్మ పెట్టిన సంతకం. నేను దాచిపెట్టినా" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. వినోదిని వేదిక మీద నుంచి కిందికి దిగింది.

"ఒరే జెబా, నలభై రెండేండ్లు నోరు మూసుకోని ఉండావా రా?"

"నువ్వు కూడా మూసుకోనే ఉండావు కదా అక్కా."

ఆమె వాడి వీపుమీద ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. ప్రీతి ఇద్దరినీ కలిపి వాటేసుకుంది. ముందు కాళియమ్మ చప్పట్లు కొట్టింది, తర్వాత హాలంతా. నేను ఫోటో తీయాల్సిన మనిషిని. కెమెరా మెడలోనే ఉంది, తీయలేదు.

పెరుమాళ్ నాయుడుగారు నెమ్మదిగా నడిచి వచ్చి వినోదినికి చేతులు జోడించారు. "నా జన్మలో బూట్లు లేని రోజు లేదమ్మా. అందుకే నమ్మలేకపోయినా. రాసిన మాట వాపసు తీసుకుంటా. అచ్చులోనే."

"మీరు అడగబట్టే వీడు నోరు తెరిచినాడయ్యా" అంది వినోదిని. "మీకు నేనే దండం పెట్టాల."

ఆ ఏడాది చివరికి పాఠకులు రాసిన కథల్లో నలభై ఎంచి పుస్తకం వేశాం. మొదటి కథ వినోదినిది, జెబ చెప్పిన సంగతి కూడా కలిపి ఆమె మళ్ళీ రాసింది. ఈసారి అచ్చుకు ముందు మాధవరం వెళ్ళి, తమ్ముడి ఎదుట కూర్చుని, వాక్యం వాక్యం చదివి వినిపించింది. రెండుచోట్ల వద్దన్నాడు, తీసేసింది. ఒకచోట ఇంకా రాయమన్నాడు. తర్వాత అతనే దాన్ని తమిళంలోకి మార్చి, స్కూలు వార్షికోత్సవంలో తల్లిదండ్రులందరి ముందు చదివాడు. "మా అమ్మ చెల్లమ్మ ఊడ్చే పని చేసేది" అని మొదలుపెట్టాడు. చదవడం అయ్యాక ఆ స్కూల్లో ఊడ్చే ఆవిడను వేదిక మీదికి పిలిచి, ఆ తమిళ కథ మొదటి ప్రతి ఆమె చేతిలో పెట్టాడు. ప్రీతి ఇప్పుడు మంగళ టీచర్ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుతోంది. గుణింతాల దాకా వచ్చింది.

పుస్తకం రాయపురం మార్కెట్టులోనే విడుదల చేయాలని వినోదిని పట్టుబట్టింది. చేపల వేలంపాట అయిపోయి, నేల కడిగాక, పొద్దున పదింటికి చేపల బల్లమీద తెల్లగుడ్డ పరిచారు. శివరామ్‌గారు ప్యాంటు మడిచి నీళ్ళలో నిలబడి మాట్లాడారు. తెచ్చిన పుస్తకాలన్నీ గంటలో అయిపోయాయి. చదవడం రానివాళ్ళు కూడా కొన్నారు. వినోదిని పేరు మీద వేలు పెట్టి ఒకరికొకరు చూపించుకున్నారు.

జనం పలచబడ్డాక కాళియమ్మ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏం వినో, నీ అమ్మ కథ అయిపోయింది కదా. మా అత్త కథ నీకు తెలీదు. తుఫానులో పడవ తెచ్చింది ఆమె, ఒక్కతే. నేను చెప్తా, నువ్వు రాస్తావా?"

"మీ ఇంట్లో అడిగినావా?"

"అడిగినా. మా ఆయన పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వేయాలంట."

వినోదిని పట్టుచీర కొంగు నడుముకు దోపుకుంది. బల్లమీద తెల్లగుడ్డను ఒక పక్కకు జరిపి, కొత్త నోటుబుక్కు తెరిచి, "సరి, మొదట్నించి చెప్పు. తొందర పడొద్దు" అంది.